చౌర్యమునఁ బట్టువడిన బాలుని యభిమానము

కొండవీటి దుర్గము దిగువ చెంగిజ్‌ఖాన్‌పేటలో వెన్నముద్దల బాలకృష్ణుని గుడి కలదు. గ్రామనామ మొకటి, గ్రామదేవుఁ డొకఁడు. రెండును జంటగానే జనవ్యవహారమున నిలిచియున్నవి. చేత వెన్నముద్దతో నిలిచిన యీ బాలుఁడు తెలుఁగువారి నోట "వెన్నదొంగ". దొంగ యను శబ్దమును దేవునికి ముద్దుపేరుగాఁ బెట్టుకొన్న భాష, పొరుగింటి బెల్లపుముక్క తీసిన యేడేండ్లవానికి నదే శబ్దమును దగిలించునప్పుడు ముద్దుమాట తలఁపదు. ఒకే పదము గుడిలో లాలనయు, వీధిలో శిక్షయు నైనది.

ఈ దుర్గమునకు బాలకృష్ణునితోఁ బూర్వసంబంధము కొంత యున్నది. కృష్ణదేవరాయలు ఉదయగిరి గెలిచి యచటి బాలకృష్ణవిగ్రహమును విజయనగరమునకుఁ గొనిపోయి 1515లోఁ బ్రతిష్ఠించెను. ఆ సంవత్సరముననే కొండవీటిని స్వాధీనపఱచుకొనెను. దానికి నూఱేండ్లకుఁ బూర్వము, పెదకోమటి వేమారెడ్డి యేలుబడిలో, ఈ కొండవీటనే శ్రీనాథుఁడు విద్యాధికారిగా నుండెను. తరువాతఁ గొండవీడు విడిచి రాజమహేంద్రవరపు రెడ్ల నాశ్రయించినప్పు డాతఁడు రచించిన కాశీఖండమున నొక దొంగపిల్లవాని కథ యున్నది. ఆ పిల్లవాఁడు గుణనిధి. కొండదిగువ విగ్రహమైన బాలుఁడును దొంగతనమునఁ బట్టువడినవాఁడే. కొండమీఁది యాస్థానకవి కావ్యమునఁ జెప్పిన బాలుఁడును బట్టువడినవాఁడే. ఒకనిఁ దల్లి ఱోటికిఁ గట్టినది. ఒకనికిఁ దండ్రి బ్రతికియుండఁగానే తిలోదకము విడిచినాఁడు. ఇద్దఱి కథలను బ్రక్కప్రక్కన నుంచి చదివినచోఁ బెద్దలకు, ముఖ్యముగాఁ బాఠశాలాపండితులకు, నిత్యము తటస్థపడు నొక ప్రశ్న తేటపడును. దొంగతనము బయటపడిన క్షణమున బాలునిలో భగ్గున లేచునది, మొగ మెఱ్ఱవాఱి కన్నెత్తక పలుకక బిగిసికొనుట, కొన్నిసార్లు తిరుగఁబడి యెదురాడుట, ఇది యేమి? దండింపవలసిన రెండవ దోషమా, లేక దోషము నడుమ మిగిలియున్న గుణమా?

పదములఁ జూచుటతో నారంభించుట యుచితము. చౌర్యార్థకమైన చుర ధాతువు పాణినీయ ధాతుపాఠమునఁ బదియవ గణమునకు మొదటిది. ఆ గణమునకు చురాదియను పేరే దానినుండి వచ్చినది. చోరశబ్దముమీఁద స్వార్థమున అణ్ ప్రత్యయము చేరి చౌరశబ్దము సిద్ధించునని ప్రజ్ఞాదిగణమును బట్టి చెప్పవచ్చును. అప్పుడు చోరునికిఁ జౌరునికి భేదము లేదు. కాని వేఱొక సాధన కలదు. శీలార్థమున ణప్రత్యయమును విధించు ఛత్రాదిసూత్రము (4-4-62) పరిధిలోని గణమున చురాశబ్దము పఠింపఁబడినది. చుర, అనఁగాఁ జౌర్యము, ఎవనికి శీలమో వాఁడు చౌరుఁడు. ఈ సాధనము ననుసరించినచో నొకమాఱు తీసినవాఁడు చౌరుఁడు కాఁడు. అది శీలమైనవాఁడే చౌరుఁడు. శీలమనఁగా ఫలము నపేక్షింపక స్వభావముచేతఁ బ్రవర్తించుట యని వ్యాఖ్యాతల యాశయము. పలకబలపము తస్కరించిన పిల్లవాని నా పేరఁ బిలుచుట ధర్మదోషముమాట యటుంచి, ముందుగా వ్యాకరణదోషము.

ఈ సూత్రముననే మఱియొక పదము సిద్ధించుచున్నది. గణమునకు మొదటి శబ్దము ఛత్రము. ఛత్రము శీలముగాఁ గలవాఁడు ఛాత్రుఁడు, శిష్యుఁడు. గొడుగు ఎండవానలనుండి కప్పునట్లు గురువు ననుసరించి యాయన లోపములఁ గప్పిపుచ్చువాఁడు గనుక శిష్యునికి నీ పేరు కలిగినదని కాశికాకారుని వివరణము. ఛాత్రుఁడును చౌరుఁడును ఒకే గణమున, ఒకే ప్రత్యయముతో, ఒకే యర్థమున సిద్ధించిన పదములు. శిష్యుఁడు గురువు లోపములఁ గప్పవలెనని శాస్త్రము పేరులోనే చెప్పెను గాని, గురువు శిష్యుని లోపమును నలుగురిలో విప్పవలెనని యెచటను జెప్పలేదు. ఇది గణపాఠమున యాదృచ్ఛికముగాఁ గలిసిన పొరుగుఁదనమే యనుకొన్నను, బెత్తము పట్టినవాఁడు గుర్తుంచుకొనఁదగిన పొరుగుఁదనము.

తస్కరశబ్దము మఱింత చిత్రము. పారస్కరాదిగణమున (6-1-157) దీనికి సాధన యున్నది. తద్ అను సర్వనామముమీఁద కరశబ్దము చేరి, తకారలోపమును సుడాగమమును బొంది, తస్కర యైనది. "అది చేయువాఁడు" అని యక్షరార్థము. ఏది? చెప్పలేదు. యాస్కుఁడు నిరుక్తమున నా యదియే పాపకార్య మని విప్పి చెప్పవలసివచ్చెను. పూర్వభాష యా చేష్టను సర్వనామముచేతఁ గప్పి యూరకున్నది.

ఇఁకఁ దెలుఁగు దొంగ. ఇది నామము మాత్రమే కాదు, విశేషణముగాఁ గూడ వాడఁబడి కపటము, బూటకము నను నర్థము నిచ్చును: దొంగనిద్ర, దొంగచూపు, దొంగయేడుపు. పరద్రవ్యము తీయుటయు, లేనిదానిని నటించుటయు నొకే మాటలో నిమిడినవి. పట్టువడిన బాలుఁ డబద్ధమాడుట యెట్టి సహజమైన తరువాతిమెట్టో యీ పదమే చెప్పుచున్నది. వాని దొంగతనమును, దొంగమాటను రెండు నేరములుగా లెక్కించి రెండు దండనములు విధించువారు భాష యెఱిఁగినంత మనస్సు నెఱుఁగరు.

మానమునకుఁ జెందిన పదములు గూడ విచార్యములు. అమరసింహుఁడు నాట్యవర్గమున గర్వము, అభిమానము, అహంకారము నను మూఁటి నొకచోటఁ జేర్చి, మానమనఁగాఁ జిత్తము నున్నతి యని వేఱుగాఁ జెప్పెను. సిగ్గునకుఁ బర్యాయములు చెప్పునప్పుడు హ్రీ, త్రప, వ్రీడ, లజ్జ మొదలగువానిఁ బేర్కొని, ఆ లజ్జయే యన్యులవలనఁ గలిగినచో నపత్రప యగునని విభజించెను. ఈ విభాగము మిక్కిలి విలువైనది. తాను జేసినపనికిఁ దనలోఁ దాను గ్రుంగుట లజ్జ. ఇతరులు చూచిరే, ఇతరు లేమనుకొందురో యని క్రుంగుట అపత్రప. పైకి రెండును దలవంచుటగానే కనఁబడును. కాని మొదటిది చీఁకటిలోఁ గూడ నుండును. రెండవది జనము తొలఁగిపోఁగానే తొలఁగును, లేదా జనముమీఁద ద్వేషముగా మాఱును.

తెలుఁగు వ్యవహారమున నీ పదములకు మఱియొక త్రోవ పడినది. సంస్కృతమున గర్వముతోఁ గూడిన యభిమానము తెలుఁగున మంచిగుణ మైనది. "అభిమానవంతుఁడు" అనుట పొగడ్త. సంస్కృతమున రోషమనఁగాఁ గోపము మాత్రమే, తెలుఁగున "రోషము లేదా?" యన్నప్పు డది పరువు గలవానికుండవలసిన చుఱుకుఁదనము. పలనాఁటి కథ చెప్పుకొను నేలలో నీ యర్థమును వేఱుగా విప్పి చెప్పఁబనిలేదు. బొంగరము లాడుచున్న బాలచంద్రుఁ డొక స్త్రీ యెత్తిపొడుపుమాటకు రోషము దెచ్చుకొని కారెంపూఁడి రణమునకుఁ గదలుట యచటివారికిఁ దెలిసినదే. ఆ కథలో బాలునిది తప్పు కాదు, ఆట మాత్రమే. ఐనను బాల్యముననే మాట యెంతలోఁతుగా దిగునో దానివలనఁ దెలియును. అట్టి రోషమే దొంగతనమునఁ బట్టువడినవానిలో లేచినప్పుడు పెద్దలు దానిని బొగరని యందురు.

భాగవతదశమస్కంధమును దొమ్మిదవ యధ్యాయమున నొకమాఱు నెమ్మదిగాఁ జూడవలెను. కథ యందఱకుఁ దెలిసినదే యగుటచేతనే దానిలోని క్రమము దృష్టి దాఁటిపోవుచున్నది. యశోద పెరుఁగు చిల్కుచుండఁగా బాలుఁడు వచ్చి కవ్వము పట్టుకొనెను. ఆమె యొడి కెక్కించుకొని పాలిచ్చుచుండెను. ఇంతలోఁ బొయ్యిమీఁది పాలు పొంగినవి. తనివి తీరని బిడ్డను దింపి యామె పరుగెత్తెను. అప్పుడు బాలునికిఁ గోపము వచ్చి, పెదవి గఱచుకొని, ఱాతితోఁ బెరుఁగుకుండఁ బగులఁగొట్టి, బూటకపుఁ గన్నీరు పెట్టుకొని, లోపలికిఁ బోయి రహస్యముగా వెన్న తినెను. అనఁగా నిచటఁ జౌర్యము మొదటిది కాదు. మొదటిది యవమానము. పాలకంటెఁ దాను దక్కువయైతినను బాధ ముందు, దాని తరువాతఁ గోపము, తరువాత దొంగయేడుపు, చివర దొంగతనము. వెన్న యాఁకలికిఁ దినినది కాదనుటకు వేఱొక సాక్ష్యము గలదు: తల్లి వచ్చి చూచునప్పటికి వాఁడు బోర్లించిన ఱోటిమీఁద నిలిచి యావెన్నను గోఁతికిఁ బెట్టుచుండెను.

తరువాతిది పట్టుకొనుట. యశోద కఱ్ఱ చేతఁ బట్టి వెనుకనుండి మెల్లగా వచ్చినది. వాఁడు చూచి దిగి పరుగెత్తినాఁడు. ఆమె వెంటఁబడి చేయి పట్టుకొన్నది. వాఁ డేడ్చుచుఁ గాటుక చెదరునట్లు కన్నులు నులుముకొనుచు భయముతోఁ జూచినాఁడు. ఈసారి యేడ్పు బూటకమని మూలము చెప్పదు. ఒక్క ఘటికలో నా దొంగకన్నీరు నిజపుఁగన్నీ రైనది. తల్లి దానిని గుర్తించినది. బిడ్డ భయపడెనని తెలిసి కఱ్ఱ పాఱవైచినది. పాఱవైచి, విడువలేదు. త్రాటితోఁ గట్టఁబూనినది. కఱ్ఱను విడుచుట, తప్పును విడుచుట రెండును వేర్వేఱని యింతకంటెఁ దేటగాఁ జూపిన కథ దొరకుట యరుదు. త్రాడు రెండంగుళములు చాలలేదు; మఱియొకటి ముడివేయఁగా నదియుఁ జాలలేదు. ఇంటనున్న త్రాళ్లన్నియు నైపోయినవి. చుట్టుఁ జేరిన గోపికలు నవ్విరి, యశోదయు నవ్వుకొని వెఱఁగుపడెను. ఈ నవ్వు బాలునిమీఁదఁ బడలేదు, త్రాటిమీఁదఁ బడినది. నలుగురిలో జరిగిన దండనమే యైనను నలుగురి నవ్వు దొంగను వదలి దండనసాధనముమీఁదికిఁ బోయినది. అపత్రప పుట్టుట కచటఁ దావు లేదు. తల్లి చెమటయోడ్చి, కొప్పుపూలు జాఱి, యలసియుండఁగాఁ జూచి బాలుఁడు తానే కట్టువడుట కొప్పుకొనెను. రెండంగుళములకు వ్యాఖ్యాతలు భక్తుని శ్రమ యొకటి, భగవంతుని దయ యొకటి యని యర్థము చెప్పుదురు. పరమార్థ మదియే కావచ్చును. లౌకికముగాఁ జదివినను నర్థము చెడదు: బాలుఁ డొప్పుకొననిదే యే త్రాడును జాలదు.

దీనికి ముందటి యధ్యాయమున గోపికలు వచ్చి ఫిర్యాదులు చెప్పు ఘట్ట మున్నది. పోతన దానిని బెక్కు పద్యములఁ బెంచెను. అపుడు తల్లియెదుట బెదరుచూపులతో నిలిచిన బాలునిఁ జూచి యశోద నవ్విందే గాని తిట్టఁదలఁపలేదు. పొరుగువారి మాటపై దండింపలేదు. తాను గన్నులారఁ జూచినదానికి దండించినది. ఈ భేదమును బోతన పద్యముల సొగసులోఁ బడి పాఠకులు మఱతురు.

ఇఁక గుణనిధి. కాంపిల్యనగరమున యజ్ఞదత్తుఁడను దీక్షితుఁడు రాజపూజితుఁడు, వేదవేదాంగవేత్త. ఆయన కొడుకు గుణనిధి. ఉపనయనమై విద్యలు నేర్చుచునే తండ్రి యెఱుఁగకుండ జూదరులతోఁ గూడినాఁడు. మొదటఁ దల్లియొద్ద ధనము తీసికొనిపోయి వారి కిచ్చుచు వచ్చినాఁడు. పదునాఱేండ్లు వచ్చి పెండ్లియైన పిదపఁ గథ తుదకు వచ్చును గనుక వాని నీ దశలో బాలుఁడనరాదు. కాని వ్యసనము మొలకెత్తినది బాల్యముననే, దానికి నీరు పోసినదియు నా బాల్యముననే. తండ్రి యెప్పు డడిగినను దల్లి "ఇప్పుడే చదువుకొని నేస్తులతోఁ బోయినాఁ"డని చెప్పెడిది. రాత్రులు కొడుకును గూర్చుండఁబెట్టి నెమ్మదిగా బుద్ధి చెప్పెడిది. తండ్రికిఁ దెలిసిన నిన్ను నన్ను నిద్దఱిని గొట్టునని చెప్పెడిది. బోధ యున్నది, ప్రేమ యున్నది. కాని తప్పునకుఁ బేరు పెట్టి యెదుట నిలిపిన ఘడియ యొక్కటియు లేదు. వాఁ డొక్కనాఁడును బట్టువడలేదు. ఇదియే వాని దురదృష్టము.

ఒకనాఁడు దీక్షితుఁడు వీధిలోఁ బోవుచు నొక జూదరి వ్రేలఁ దన యుంగరమును జూచెను. నిలదీయఁగా వాఁడు, నీ కొడుకే యిచ్చెనని చెప్పి, ఉంగరమొక్కటియే కాదు, తల్లి కట్టుపుట్టములు, లోహపాత్రలు నెన్నియో యిట్లే పోయినవని జాబితా వల్లించెను. దీక్షితుఁ డుత్తరీయము ముసుఁగు వైచికొని యింటికి వచ్చి భార్యను, అభ్యంగనవేళ నీవు నా వ్రేలినుండి తీసిన యుంగర మేదీ యని యడిగెను. ఆమె, మధ్యాహ్నస్నానమునకు వేళయైనది, అతిథులకు వడ్డింపవలెను, పిండివంటల తొందరలో నే పాత్రలోనో పెట్టి మఱచితిననెను. ఇది యామె యాడిన చివరి యబద్ధము. పురాణకథలలో నింత గృహసహజమైన యబద్ధము మఱియొకటి కానరాదు.

తండ్రి కొడుకును బిలువలేదు. అడుగలేదు. కొట్టనైనను లేదు. ధర్భలును నీళ్లును దెప్పించి బ్రతికియున్న కొడుకునకుఁ దిలాంజలి విడిచి, ఆ దినముననే మఱియొక శ్రోత్రియుని కూఁతును బెండ్లాడెనని మూలము. ఇచట దీక్షితుని మనఃస్థితికి నమరసింహుని విభాగము చక్కగా సరిపడును. వీధిలో ముసుఁగు వైచికొన్నది యపత్రప. ఊరివా రెఱుఁగుదురు, తానే యెఱుఁగఁడు. జూదరి నోట వినవలసివచ్చెను. తల్లి యబద్ధములును నపత్రపలే. ఆ యింట సిగ్గు మెండుగా నున్నది గాని యంతయు నితరుల కన్నులనుండి వచ్చినదే.

కొడుకుమాట యేమి? ఈ వృత్తాంతము విని వాఁడు తన వెనుకటి నడవడిని నిందించుకొని యేదో యొక దిక్కు చూచుకొని వెడలిపోయెనని మూలము. దూతలు లేరు, సభ లేదు, చూచువారు లేరు. తన్ను దాను నిందించుకొన్నాఁడు. అమరుఁడు చెప్పిన యసలైన లజ్జ యా కుటుంబమునం దీ దొంగయొద్దనే కనఁబడుచున్నది. దీనిని మూలము రెండుమూఁడు పదములలో ముగించి ముందునకు సాగును. చదువరులును శివరాత్రిమహిమకై తొందరపడి యచట నాఁగరు. ఆఁగినచో గుణనిధికథ లజ్జ లేనివాని కథ కాదనియు, లజ్జ కలిగినప్పుడు దాని నందుకొనువా రొకరును లేనివాని కథయనియుఁ దెలియును.

వెడలినవాఁడు ప్రొద్దు గ్రుంకువేళ నొకచోటఁ గూర్చుండి చింతించెను. విద్య లేదు, ధనము లేదు. యాయజూకులవంశమునఁ బుట్టి యీ వ్యసనము గలిగెను. బిచ్చమెత్తుట తెలియదు, ఎఱిఁగినవా రెవరును లేరు. ప్రొద్దు పొడువకముందే తల్లి తీయని యన్నము పెట్టెడిది. ఈ చింతలో నభిమానమును దైన్యమును బెనఁగొన్నవి. బిచ్చమెత్తలేని యభిమానమే వాని నా రాత్రి మఱల దొంగను జేసినది. ఆ దినము శివరాత్రి. ఒక మాహేశ్వరుఁడు నైవేద్యములతో నూరివెలుపలి కోవెలకుఁ బోవఁగా నన్నపుఁగమ్మఁదనమునకు వెంటఁబడి, పూజయంతయుఁ జూచి, భక్తులు నిద్రించినవెనుకఁ బ్రవేశించెను. దీపము మినుకుమినుకుమనుచుండఁ దన కట్టుబట్టయంచు చించి వత్తిచేసి వెలిఁగించి, ఆ వెలుఁగున నైవేద్యము తీసికొని మరలుచుండఁగా నిద్రించువాని కొకనికిఁ గాలు దగిలెను. "దొంగ దొంగ" యను కేక లేచినది. తలవరులు చంపిరి. వత్తి వెలిఁగించిన పుణ్యముచే శివగణములు యమదూతలను ద్రోసి కొనిపోయిరి. తరువాత కళింగరాజపుత్రుఁడు దముఁడై, చివర నలకాపురికి నధిపతియైన కుబేరుఁ డయ్యెను. దొంగ ధనాధిపతి యగుటలోని చమత్కారము పౌరాణికులు వినిపించుచునే యున్నారు. కాని యీ కథలో వానిని "దొంగ" యని యెదుటఁ బిలిచిన మొదటి పిలుపే కడపటిదియు నగుట గమనింపఁబడలేదు.

శ్రీనాథున కీ కథపై నంత మక్కువ కలుగుటకుఁ గారణము వెదకుట యనవసరము. శివరాత్రిమాహాత్మ్యమున సుకుమారుని కథయు నీ కోవలోనిదే. ఆతఁడు కడగాలమున బొడ్డుపల్లిలోఁ బన్ను చెల్లింపలేక వీధిలో నవమానదండన మనుభవించెనని చాటుపద్యసంప్రదాయము. అది నిజమైనచో, జనుల కన్నులయెదుట మానముపోవుట యేమో యా కవి వృద్ధాప్యమునఁ దెలిసికొన్నాఁడనవలెను. తెనాలి రామకృష్ణుని నిగమశర్మ యీ గుణనిధికిఁ దమ్మునివంటివాఁడని విమర్శకు లందఱు నెఱిఁగినదే. అచట నక్క వచ్చి బుజ్జగించి యిల్లు చక్కఁబెట్టఁగా, మాఱినట్లు నటించి, వాఁడొకరాత్రి నగలన్నియు మూటగట్టుకొని పోయినాఁడు. అక్క తన ముక్కరకై వాపోయినది. నిగమశర్మ శీలార్థమునఁ జౌరుఁడు. వానికి లజ్జ లేదు, అపత్రపయు లేదు. వానిని బిల్లలతోఁ బోల్చి మాటాడుట పొరపాటు.

ధర్మశాస్త్రకారులు దండనమునకు మేర గీచినారు. తెలుఁగుదేశపు బ్రాహ్మణులలోఁ బెక్కురి సూత్రకారుఁడైన యాపస్తంబుఁడు శిష్యునికి భయపెట్టుట, ఉపవాసము, నీట ముంచుట, కంటఁబడకుండఁ జేయుట యను నాలుగే దండనములు చెప్పి, అవియుఁ దప్పు మానుదాఁకనే యనెను. గౌతముఁడు కొట్టక శాసింపవలెననియు, చేతకానిచో సన్నని త్రాటితోనో వెదురుబద్దతోనో యనియు, మఱియొకదానితోఁ గొట్టినవానిని రాజు దండింపవలెననియు విధించెను. మనువు వీఁపునందే కాని తలమీఁద నెన్నఁడు కొట్టరాదని చెప్పి, ఆ నియమము తప్పి కొట్టినవానికి దొంగకుఁ గలుగు పాపమే కలుగునని ముగించెను (8-300). ఏ పాపమునైనఁ జెప్పవచ్చుచోట మనువు చౌర్యపాపమునే యేల చెప్పెను? వ్యాఖ్యానములతోఁ బనిలేకయే భావము స్ఫురించును: మేర మీఱి కొట్టినవాఁడు బాలునినుండి తనది కానిదాని నేదో తీసికొన్నాఁడు.

బాలుని నేరమునకు వయస్సుచేత నెల్ల గీచిన కథ భారతాదిపర్వమున మాండవ్యునిది. మౌనవ్రతుఁడైన యాయన యాశ్రమమున దొంగలు సొమ్ము దాఁచిపోఁగా రాజభటు లాయననే దొంగగా నెంచి కొఱ్ఱున వైచిరి. ఈ శిక్ష యేలయని యమధర్మునడుగఁగా, చిన్ననాఁడు పురుగులకుఁ బుల్లలు గ్రుచ్చిన ఫలమనెను. మాండవ్యుఁడు కోపించి, పదునాలుగేండ్లలోపు చేసినది పాపము కాదని మర్యాద చేసి, ధర్ముని విదురుఁడుగాఁ బుట్టుమని శపించెను. 1860 నాఁటి భారతశిక్షాస్మృతి యేడేండ్లలోపువారి చేఁత నేరము కాదని, ఏడు మొదలు పండ్రెండువఱకు బుద్ధిపరిపాకమును బట్టి నిర్ణయింపవలెనని చెప్పెను. ఆ నియమములనే 2024 జులై 1న నమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత నిలుపుకొన్నది. 2015 నాఁటి బాలన్యాయచట్టము పదునెనిమిదేండ్లలోపువారిని గూర్చిన వ్యవహారమునఁ గళంకసూచకములైన పదములు వాడరాదని మూలసూత్రములలోఁ జేర్చి, వారి పేరు మొదలైన గుర్తులు ప్రకటింపఁగూడదని నిషేధించెను. పాఠశాలలో శరీరదండనమును, మనస్సును హింసించుటను 2009 నాఁటి విద్యాహక్కుచట్టము మాన్పించినది. మెడలోఁ బలక వ్రేలాడఁగట్టుట, గోడకుర్చీ, కోదండము మొదలగు వీథిబడిదండనములు శాస్త్రమున నెచటనుండి వచ్చినవో వెదకిన దొరకవు.

అభిమానము చెడక దోషము తీఱిన తీరునకుఁ బెద్దవారి యుదాహరణము శాంతిపర్వమున శంఖలిఖితుల కథ. తమ్ముఁడు లిఖితుఁ డన్న యాశ్రమమునఁ బండ్లు కోసి యడుగక తినెను. అన్న చూచి, ఇది చౌర్యము, రాజునొద్దకుఁ బోయి నీవే చెప్పుకొని దండనము పొందుమనెను. సుద్యుమ్నుఁడు క్షమింపఁజూచినను లిఖితుఁ డొప్పుకొనలేదు. చేతులు తెగి వచ్చిన తమ్మునితో శంఖుఁడు నాకు నీపైఁ గోపము లేదని చెప్పి బాహుదానదిలో స్నానము చేయుమనెను. చేతులు మరల మొలిచినవి. శిక్ష క్రూరమే. ఐనను నచట లిఖితుని నీడ్చుకొనిపోయినవాఁ డెవఁడును లేఁడు. తన కాళ్లతోఁ దానే నడచిపోయినాఁడు. గుణనిధియుఁ దన కాళ్లతోనే నడచిపోయినాఁడు గాని పొమ్మన్న దిక్కు లేదు, రమ్మన్న నోరు లేదు.

వ్రేపల్లెలో ఱోటికిఁ గట్టువడిన బాలుఁడు దానినీడ్చుకొనిపోయి జంటమద్దులఁ గూల్చెను. చప్పుడునకు గోపు లందఱు పరుగెత్తి వచ్చిరి. ఈతఁడే కూల్చెనని తోడిపిల్లలు చెప్పిరి, పెద్దలు కొందఱు నమ్మలేదు. నందుఁడు త్రాటితోఁ గట్టువడి ఱోలీడ్చుచున్న కొడుకును జూచి, ఎందులకుఁ గట్టిరని యడుగక, నవ్వుమొగముతోఁ గట్టు విప్పెను. పగిలిన పెరుఁగుకుండ మాట యటుపిమ్మట నా యింట నెవరు నెత్తినట్లు భాగవతమునఁ గానరాదు.